గుండె పంపిన కబురు

మిర్యాలగూడ,
12-3-1996

బీరయ్య బావకు దండాలు పెట్టి మీ మరదలు రాస్తున్న సంగతి.

పోయిన సోమవారం మిల్లులో లారీకి బస్తాలు ఎక్కిస్తుంటే మీ తమ్ముడు ఛాతీల నొప్పొచ్చి కూలబడ్డాడు. పావుగంటలో నొప్పి పోయింది. అయినా బలవంతంగా సూర్యాపేట తీసుకుపోయాను.

"గుండెకు రక్తం కొద్దిసేపు ఆగి మళ్ళ పారిందమ్మా," అన్నాడు డాక్టరు. "అట్లయినప్పుడు గుండెనే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలను రక్తంలకు వదుల్తది. నాకు కష్టమొచ్చిందని ఒంటికి అది పంపే కబురు. రక్తం పారే నరాలను వదులు జేసి భారం తగ్గించుకోవాలని సూస్తది. అది సాలదు. జల్ది హైదరాబాద్ పొండ్రి."

మీ తమ్ముడు సగమే విన్నాడు. "గుండెనే మందు తయారు జేసుకుంటదట, ఇగ నాకు హైదరాబాదెందుకు?" అని నవ్వి, మర్నాడే పనికి పోయాడు. నేను మిల్లుకు పోయి, బస్తాలు ఎక్కించేందుకు లారీకి ఆనించిన చెక్క మీద అడ్డంగా కూర్చున్నాను. హమాలీలందరి ముందు నన్ను తిట్టాడు. నేను లేవలేదు. చివరికి ఇంటికి వచ్చాడు గానీ, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ పొద్దున నీళ్ళ బిందె దించి, గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ముఖమంతా చెమట.

ఈ ఉత్తరం ఆత్మకూర్ పోయే బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. గొర్రెలను అక్కకు అప్పజెప్పి, తిరిగొచ్చే అదే బస్సులో రండి, హైదరాబాద్ తీసుకుపోదాం. మీకు రాస్తానంటే ఇన్నాళ్ళూ వద్దన్న మనిషి, ఇవాళ నా పక్కన కూర్చుని, "రాయి. అన్నను జల్ది రమ్మని రాయి," అంటున్నాడు.