కాంటా ఆగకపోతే చాలట

నవంబర్ 6, గురువారం

ఆఫీసులో నా కింద పనిచేసే కిరణ్ ప్యాచ్ పంపాడు, మా ప్రోగ్రాంకి రిపేరు. చదివాను. మళ్లీ చదివాను. టీ చల్లారింది, నేను కాగుతున్నాను.

మా కాంటా డ్రైవర్‌లో, అంటే తూకం యంత్రాన్ని నడిపే ప్రోగ్రాంలో, రెండు లాకులు — ఒకటి బరువు చదవడానికి, ఒకటి చిట్టీ ప్రింటర్‌కి. ఒక పని బరువు లాకు పట్టుకుని ప్రింటర్ కోసం చూస్తుంది. ఇంకో పని ప్రింటర్ లాకు పట్టుకుని బరువు కోసం చూస్తుంది. ఎవరూ వదలరు. కాంటా డబ్బా ఆగిపోతుంది, వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతులు కుప్పల పక్కన కూర్చుంటారు.

దీనికి కిరణ్ కనిపెట్టిన మందు — లాకు దొరక్కపోతే చదవడమే మానెయ్. తెరమీద పాత బరువే ఉంచెయ్. అంతా బాగుందని చెప్పెయ్!

ఛీ. ఆగిపోతే కనీసం ఆగిందని తెలుస్తుంది. ఇదేమో ప్రింటర్ నడిచినంతసేపూ ముందు సంచి బరువే ఈ సంచికి చూపిస్తుంది. ఎవరికి తెలుస్తుంది?

నవంబర్ 7

హైదరాబాద్ ఆఫీసుకి ఫోన్ చేసి కిరణ్‌ని పట్టుకున్నాను.

"మేడం, టెస్టుల ఒక్కసారి గూడ ఆగలే."

ఆగదు నాయనా. పనే చెయ్యకపోతే ఎందుకాగుతుంది?

"బరువు సరిగ్గ వస్తుందా చూసినవా?"

"అది... టెస్టుల లేదు మేడం."

తల పట్టుకున్నాను. ఇక రాయబుద్ధి కావడం లేదు.

నవంబర్ 8

కింది వాటా నుంచి ఇంటి ఓనర్ నర్సింహారెడ్డి కాక మెట్లెక్కి వచ్చాడు, రొప్పుతూ. ఆయన వడ్లు రామాయంపేట దగ్గరి కేంద్రంలో పడి ఉన్నాయి. పైన మబ్బు.

"గ్రేసమ్మా, మీ డబ్బ మళ్ల ఆగింది. ఏదో రిపేరు తయారైందట గద... నువ్వే ఆపినవంట?"

సర్వీసు మనిషి చెప్పాడట. ఎంత ఉపకారం చేశాడో!

"అది మంచిగ లేదు కాకా. తప్పు బరువు చూపిస్తది."

"వానకు తడిసినంక ఏ బరువైతే ఏంది బిడ్డా..."

ఎవరి కోసం పోట్లాడుతున్నానో ఆ మనిషికే నామీద కోపం. ఒళ్లు మండిపోతోంది. ఏడుపూ వస్తోంది.

నవంబర్ 9, ఆదివారం

చర్చిలోనూ అదే ధ్యాస. క్వైర్‌లో నా వంతొచ్చింది, నోరు తెరవలేదు. పక్కావిడ మోచేత్తో పొడిచింది.

మధ్యాహ్నం కాక బండి వెనక ఎక్కి కేంద్రానికి వెళ్లాను. హమాలీలు సంచిని కాంటా మీద పెడతారు, తెర చూస్తారు. ఎక్కువుంటే దోసెడు తీస్తారు, తక్కువుంటే దోసెడు పోస్తారు. అన్ని సంచులకూ ఉండాల్సిన ఆ ఒకే అంకె వచ్చేదాకా తీసుడూ పోసుడే. అప్పుడు చిట్టీ. మళ్లీ ఇంకో సంచి. వాళ్లు ఆ అంకెను కళ్లు మూసుకుని నమ్ముతారు.

చూస్తుండగానే డబ్బా ఆగింది.

"గీమెనే, గీ డబ్బను చేసేది," అని కాక అందరికీ చూపించాడు. సిగ్గుతో చచ్చాను.

నవంబర్ 10

మేనేజర్ రఘు సార్ ఫోన్. "ఆగకపోతే చాలు గ్రేస్. జర మీ పేరు పెట్టుండ్రి."

నా పేరు! పరిశీలించినవారు అని కోడ్ కింద ఒక్క లైను. అది లేనిదే డ్రైవర్ ఆఫీసు దాటదు. అందుకే ఈ బతిమాలుడు.

పెట్టను.

నవంబర్ 11

కిరణ్ రెండో ప్యాచ్... అబ్బ, ఇప్పటికి! ఎవరైనా సరే ముందు బరువు లాకు, తర్వాతే ప్రింటర్ లాకు. అందరికీ ఒకటే వరుస. ఇక ఒకరికోసం ఒకరు ఆగిపోయేది లేదు. చిట్టీ కాస్త నిదానంగా వస్తుంది. రానీ.

నా పేరు పెట్టాను. సంతోషంగానే.

నవంబర్ 13

చినుకులు. కొత్త డ్రైవర్ కేంద్రాలకు వెళ్లిందట.

నవంబర్ 14

కాక జిలేబీ పొట్లంతో పైకొచ్చాడు. ముఖం నిండా నవ్వు.

"మస్తు నడిచింది బిడ్డా! ఒక్కసారన్న ఆగలే. వడ్లన్నీ తూకమైనయ్."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నిజంగానే. ఒక జిలేబీ నోట్లో పెట్టుకున్నాను.

"సంచి పెట్టుడే ఆలస్యం, అంకె సరిగ్గ వచ్చింది. హమాలోళ్లే పరేషానైండ్రు."

"తీసుడు, పోసుడు..."

"సగం సంచులకు లేనే లేదు! గింజ ముట్టలే. నీ చేతుల ఏదో ఉన్నది తల్లీ."

పొట్లం మూసి పక్కన పెట్టాను.

ఆయన వెళ్లాక ఆఫీసు రికార్డు తెరిచి చూశాను. కేంద్రాలకు పోయింది రెండో ప్యాచ్ కాదు. మూడోదట. నాకు చూపించనే లేదు. చిట్టీ నిదానమైందని ఎవరో అంటే, కిరణ్ ఆ మొదటి దరిద్రాన్నే, ముందు సంచి బరువు చూపించేదాన్నే, తెచ్చి అతికించాడు. కింద నా పేరు — రెండోదాని మీద నేను పెట్టింది — అట్లాగే దించుకున్నాడు.

"చిన్న మార్పే గద మేడం..."

చిన్న మార్పా! ఫోన్‌లో అరిచాను. ఇంతకాలంలో ఎవరిమీదా అట్లా అరవలేదు.

డ్రైవర్‌ని వెనక్కి తీసుకోమని రఘు సార్‌కి రాశాను. మళ్లీ రాశాను.

నవంబర్ 15

రఘు సార్ డ్రైవర్‌ని ఇంకా వెనక్కి తీసుకోలేదు.

కాక వడ్ల లారీ మిల్లుకు పోయింది. అక్కడ మళ్లీ తూస్తారు. తక్కువొస్తే తరుగంటూ రైతు లెక్కలోంచే కోస్తారు. ఎక్కువొస్తే ఎవరూ నోరు విప్పరు. ఎటైనా నష్టం ఆయనకే.

కింది నుంచి పిలుస్తున్నాడు. "గ్రేసమ్మా, మీ చిన్నమ్మ కొత్త బియ్యం వండింది. రా, తిని పో బిడ్డా."

వస్తున్న కాకా, అన్నాను.

కంచం ముందు కూర్చోకముందే ఆ తూకం తప్పని చెప్పాలి. ఆ అన్నం తిన్నాక నాకు నోరు రాదు...