గురువారం తలుపు తట్టిందెవరంటే

అక్కా,

ఈ వారం ఒక్క గడప కూడా తొక్కలేదు. సోమవారం నుంచి నా జతగాడికి జ్వరం. ఇల్లిల్లూ తిరిగి మా మతం గురించి చెప్పే మోర్మన్ మిషనరీలం, ఇద్దరం విడివిడిగా తిరగకూడదు కదా, అందుకని నేనూ గదిలోనే. పొద్దున్నే తెల్లచొక్కా, టై వేసుకుని, మంచానికీ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. గురువారం ఇక ఇంటికొచ్చేద్దామని పెట్టె సర్దాను.

అప్పుడే ఎవరో తలుపు తట్టారు. మేం తట్టిన ఇళ్లల్లో వాళ్లలాగే నేనూ ఊపిరి బిగబట్టి, కదలకుండా కూర్చున్నాను.

"నేను బాబూ, కింది టైలర్ని. మూడుసార్లు మీ మొహం మీదే తలుపేశాను. నాలుగు రోజులుగా మీ అలికిడే లేదు. ఒంట్లో బాగుందా?"

పెట్టెను మంచం కిందికి తోసి, తలుపు తీశాను.

ఆ పెట్టె ఇంకా మంచం కిందే ఉంది. అమ్మకు చెప్పకు.

నీ తమ్ముడు