కొత్త బియ్యానికి తక్కువ నీళ్లు

హనోయ్, గురువారం

తమ్ముడు పాండురంగానికి, నేను క్షేమం.

"నీ నోటికి జడిసి కుక్క గూడ నీ గడప తొక్కది, గాడ నీతోని ఎవలుంటరన్నా?" అని నేను బయల్దేరేముందు కబురంపావు. ఈ ప్రయాణికుల హాస్టల్లో ఒక్క గదిలో ఆరుగురం ఉంటున్నాం.

మొన్న హన్నా అనే పోలండ్ పిల్ల మా అందరికీ అన్నం వండబోయింది. గింజ కొరికి చూస్తే కొత్త బియ్యం, గిన్నెలో నీళ్లేమో ఎక్కువ. నాకు ఇంగ్లీషు చదవడమే తప్ప తిట్టడం రాదు. నోరు మూసుకుని గ్లాసెడు నీళ్లు తీసేశాను. అన్నం పొడిపొడిగా వచ్చింది. అప్పటినుంచి నేను రానిదే ఎవరూ తినడం లేదు.

మూడేళ్ల కిందట మన మిల్లులోనూ గింజ కొరికే చెప్పాను. పాతవని నువ్వు అమ్ముతున్నవి కొత్త బియ్యమే, ఇప్పటికైనా ఒప్పుకో. కానీ కొనేవాడి ముందు నిన్ను దొంగ అన్నాను. అది నా తప్పు.

మరదలు కన్యక కంటి ఆపరేషన్ అయిందా? నా పుస్తకాలకు చెదలు పట్టకుండా చూడమను. మీ పాప అక్షితకు ఆశీస్సులు.

వచ్చే నెల పదిన పొద్దుటి రైలుకు మిర్యాలగూడలో దిగుతాను. స్టేషనుకు రా. మూడేళ్లుగా మాటల్లేవు, ఆ రోజూ మాట్లాడకపోయినా సరే, సంచి ఒక పక్క పట్టుకో.

అన్న, విశ్వనాథం