బాపు చెయ్యి చాపలేదు

షాద్‌నగర్,
డిసెంబర్ 9.

బాపుకు స్వరూప దండాలు.

నేనూ పాపా ఇక్కడ మంచిగానే ఉన్నాం. నీ మెడనొప్పి కొంచెమైనా తగ్గిందనీ, అమ్మ వేళకు తింటున్నదనీ అనుకుంటూ రాస్తున్నాను. ఫోన్ చేస్తే నా మనసులోది గొంతే పట్టిస్తుందని చేయలేదు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. దవాఖానలో ఇచ్చిన గోలీలు తిన్న తర్వాతే వేసుకో. పాపకు దగ్గు తగ్గింది. మొన్న వచ్చినప్పుడు నువ్వు అల్లిన మంచం మీదే మా బడి వాచ్‌మన్ భిక్షపతి రోజూ కునుకు తీస్తున్నాడు. "మీ నాయిన చేతిల ఏమున్నదో గని టీచరమ్మా, నులక జర గూడ జారలే" అంటాడు.

ఇక పిల్లల బొమ్మల సంగతి. నువ్వు మా బడికి రాకముందు, ఒంట్లో అవిటితనం ఉన్నవాళ్ల బొమ్మ గీయమంటే తరగతి మొత్తం ఒకటే గీసింది: నేలమీద కూర్చున్న మనిషి, ముందు చిప్ప. అందుకే నిన్ను పిలిపించాను. ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన నీ వెన్ను చూసి వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నువ్వు పట్టించుకోలేదు. కుర్చీలో కూర్చోమంటే, "ఉత్తగ కూసుంటే నా బొమ్మెట్లయితది బిడ్డా? ఏదన్న పని చూపియ్" అన్నావు. నువ్వు మంచం అల్లుతుంటే పిల్లలు చుట్టూ చేరి గీశారు. ఎనిమిదో తరగతి మమత, నులకను లాగి పట్టిన నీ వేళ్లు గీసింది.

"తాతా, నొస్తలేదా?" అని అడిగింది.

"నొస్తది. అల్లకున్నా నొస్తది" అన్నావు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆ బొమ్మలు వేదిక పక్కన పెట్టారా అని అడిగావు. లేదు బాపూ. దివ్యాంగుల దినం నాడు బయటి నుంచి పెద్దమనుషులు వచ్చారు. హెడ్మాస్టర్ సారు ముందురోజే బొమ్మలు చూసి, "వీటిల కష్టం యాడ కనిపిస్తాందమ్మా? చూసినోళ్ల గుండె కరగాలె" అని స్టోర్ గదిలో పడేయించాడు. వాటికి బదులు నాటిక పెట్టించాడు. నాటిక సంగతి నాకు చెప్పనేలేదు.

తెర తీస్తే మమత. నెత్తికి తువ్వాల, వంగిన నడుము, పక్కకు తిరగని మెడ. అడుగు వేసే ముందు నువ్వు కొంచెం ఆగుతావే, అది కూడా. అచ్చం నువ్వే. అంతసేపు నిన్ను చూసి గీసిన పిల్ల కదా, ఏదీ తప్పలేదు. ఆ నడకతోనే అతిథుల ముందుకొచ్చి "అయ్యా, ధర్మం" అని చెయ్యి చాపింది. చప్పట్లు మోగిపోయాయి. ముందు వరసలో ఒకామె కళ్లు తుడుచుకుంది.

అయ్యాక మమత ఉరుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది. "టీచర్, తాత లెక్కనే నడిచిన్నా?"

"గట్లనే నడిచినవ్. తాత నీ ముందర ఎప్పుడన్న చెయ్యి చాపిండా?"

దాని మొహం చిన్నబోయింది. "లేదు టీచర్. నేను మంచం అల్లుతా అన్న. సార్ వద్దన్నడు. అల్లితే ఎవ్వరు ఏడ్వరంట."

ఆ పిల్లను ఏమనను?

ఇంత రాసి, నువ్వు అన్నిటికన్నా ముందు అడిగినదాన్ని దాటేస్తూ వచ్చాను. జనవరిలో సన్మానం చేస్తామని సారు నీతో అన్నాడు కదా. తేదీ అడిగావు, కొత్త అంగీ కుట్టించుకున్నానని కూడా రాశావు. సన్మానం లేదు బాపూ. వాళ్లు మానుకోలేదు, నేనే మాన్పించాను. నాటిక మళ్లీ వేయించి, అది అయ్యాక నిన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పుతారట. "మా బాపు రాడు" అన్నాను. నిన్ను అడగకుండానే అన్నాను.

"నీకెందుకమ్మా గంత కోపం? ముసలాయన సంబురపడతడు గదా" అన్నాడు సారు.

సంబరపడతావని నాకూ తెలుసు. ఇన్నేళ్లలో నిన్ను ఎవరూ ఒక వేదిక మీదికి పిలవలేదనీ తెలుసు. అదే నన్ను తినేస్తున్నది.

కోపమొస్తే తిట్టు, పడతాను. కానీ ఆ ముందు వరసలో నువ్వు కూర్చుని, నీ నడకతో ఆ పిల్ల చెయ్యి చాపుతుంటే, అందరితో పాటు నువ్వూ చప్పట్లు కొడతావేమోనని భయపడ్డాను. అది మాత్రం నేను చూడలేను బాపూ.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
స్వరూప