వెనక సీటు

ప్రియమైన శ్రీవారికి,

ఫోనులో ఏం చెప్పినా మీరు "ఊఁ" అంటారు. విన్నారో లేదో తెలియదు. అందుకే ఉత్తరం.

శనివారం కారు షోరూముకి వెళ్ళాను. అత్తయ్యగారిని వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తిప్పాల్సింది నేనే కదా. ఆవిడ చక్రాల కుర్చీ మడిస్తే ఎంత పొడవో, ఎంత ఎత్తో టేపుతో కొలిచి, నోటుపుస్తకంలో రాసుకుని మరీ వెళ్ళాను.

టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి ఎదురొచ్చాడు. నా వెనక గుమ్మంకేసి చూసి, "సార్ పార్కింగులో ఉన్నారా మేడం?" అన్నాడు. కొనేది నేనే అన్నాను. నవ్వాడు. డిక్కీ కొలతలు అడిగితే ముందు సీటు పైనున్న చిన్న అద్దం చూపించి, "లిప్‌స్టిక్కుకి బావుంటుంది" అన్నాడు. నడిపి చూస్తానంటే వెనక తలుపు తెరిచాడు. "ఇక్కడ కూర్చోండి మేడం, చాలా బావుంటుంది. రేపు మీరు కూర్చునేది ఇక్కడేగా." లైసెన్సు తీసుకుని ఇరవై రెండేళ్ళయినదాన్ని. ఆ మాటను తేదీ, టైము వేసి పుస్తకంలో ఎక్కించాను.

పక్క బల్ల దగ్గర కార్లమ్మే కళ్ళజోడావిడ, నా ఈడే ఉంటుంది, లేచొచ్చి తాళం నా చేతికిచ్చింది. నాలుగు వీధులు తిప్పించింది. నాతోపాటు వంగి డిక్కీ కొలిచింది. కుర్చీ పడుతుంది. నీలం కారు బుక్ చేశాను.

వస్తుంటే టైబాబు వెంటపడ్డాడు. "కారు ఇచ్చాక కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, అమ్మినవాళ్ళకి పదికెన్ని మార్కులని అడుగుతారు. పదికి పది చెప్పండి మేడం. తొమ్మిదన్నా మాకు సున్నా కిందే లెక్క, బోనస్ పోతుంది." అదీ రాసుకున్నాను.

మీ ఇంటావిడ

*

ప్రియమైన నీకు,

చదివి నవ్వుకున్నాను. పోనీలేవోయ్, వాడి పొట్టకూటి మాటలు వాడివి. నువ్వు పుస్తకం తీశావంటే నాకే భయం. అయినా తెల్ల కారు కూడా మంచిదేగా? గ్యాసుతో నడుస్తుంది, వెంటనే ఇచ్చేస్తారు.

ఇట్లు,
నీ మాట జవదాటని మొగుడు

*

శ్రీవారికి,

ఈసారికి "ప్రియమైన" లేదు.

నా ఉత్తరం నకలు తీసి చూశాను. అందులో తెల్ల కారు ఊసే లేదు. మీకెవరు చెప్పారు?

నిన్న షోరూముకెళితే తెలిసింది. టైబాబు తెల్ల కారు మీద చెయ్యేసి నిలబడి, "సార్‌కి ఫోన్ చేశాను మేడం, ఊఁ అన్నారు. నీలం రావాలంటే మూడు వారాలు" అన్నాడు. అవసరానికి ఉంటుందని ఫారంలో మీ నంబరు రాసింది నేనే. డిక్కీ తెరిపించాను. గ్యాస్ సిలిండరు కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. కుర్చీ ఎక్కడ పెట్టమన్నాను.

"పైన కట్టుకోవచ్చు మేడం."

"మా అత్తయ్యగారిని కూడానా?"

మీ "ఊఁ" వల్ల ఆవిడకి పట్టబోయిన గతి అదీ.

రెండు రోజుల్లో వేరే షోరూము నుంచి నీలం కారు తెప్పిస్తానని కళ్ళజోడావిడ మాటిచ్చింది. నేను టైబాబుతో గొడవపడలేదు. "మార్కుల సంగతి గుర్తుంది బాబూ" అన్నానంతే. మురిసిపోయాడు.

ఇట్లు,
పుస్తకం ఇంకా మూయని నేను

*

ప్రియమైన నీకు,

తప్పయిపోయింది. పనిలో ఉండి, వాడేమంటున్నాడో సరిగ్గా వినకుండానే ఊఁ అన్నాను. తర్వాత నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. నన్నేమైనా అను. మార్కులు మాత్రం తగ్గించకు, ఆ దెబ్బ నీకు సాయం చేసినావిడకి తగులుతుందేమో. వచ్చే శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను.

నీ వాడు

*

ప్రియమైన శ్రీవారికి,

మీరన్నది నిజమే. ఆవిడ మొహం చూసి పదికి పది చెప్పేద్దామనే అనుకున్నాను. కారు తెచ్చుకునేటప్పుడు బిల్లు చివరిదాకా చదివాను. అమ్మినవారి పేరున్నచోట టైబాబు పేరుంది.

"తెప్పించింది ఆవిడ కదయ్యా?" అన్నాను.

"మొదట పలకరించింది నేను కదా మేడం. ఎవరి పేరైతే ఏముంది?"

"నాకలవాటేనండీ, ఈ ఏడాది నా అమ్మకం ఇలా పోవడం ఇది ఆరోసారి" అంది కళ్ళజోడావిడ. మార్పించేదాకా కదలనన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నెమ్మదిగా తుడుచుకుంది. "వద్దండీ, అలాగే ఉండనివ్వండి. మార్కులు బిల్లు మీదున్న పేరుకే పడతాయి."

ఇవాళ పొద్దున పదకొండింటికి కంపెనీ ఫోనొచ్చింది. సున్నా అన్నాను. కారణమడిగారు. పుస్తకం తెరిచి, తేదీ, టైముతో సహా వాడి మాటలన్నీ చదివాను. మధ్యలో అవతలి అమ్మాయి "కొంచెం మెల్లిగా అండీ, రాసుకుంటున్నాను" అంది. పధ్నాలుగు నిమిషాలు పట్టింది. నిజంగా అమ్మిందెవరో చివర్లో విడిగా రాయించాను.

గంట తిరక్కుండానే టైబాబు ఫోను. "మేడం, ఒక్కసారి సార్‌తో మాట్లాడొచ్చా?"

"ఊఁ" అని పెట్టేశాను.

కుర్చీ డిక్కీలో చక్కగా పట్టింది. ముందు సీటు అత్తయ్యగారిది. శనివారం మేమిద్దరం బస్టాండుకి వస్తాం. మీకు వెనక సీటు. చాలా బావుంటుందట. ఇంటికి చేరాక పదికెన్నో చెప్పండి. తొమ్మిదన్నా సున్నా కిందే లెక్క.

మీ డ్రైవరు