ఇంకో పెట్టెకి మార్చుకోగలిగేది

ప్రియమైన బావమరిదికి,

ఉత్తరం మొదట్లో ఆ మాట రాయడం మర్యాద కనుక రాశాను. అంతకు మించి అర్థం తీయకు. మీ అక్క పోయాక మనం మాట్లాడుకోలేదు. ఇప్పుడూ అందుకు రాయడం లేదు. నువ్వు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నావు, నాకొక సందేహం వచ్చింది, అంతే.

ఈ వయసులో సొంతంగా కంప్యూటర్ బిగించాను. మదర్‌బోర్డు, ప్రాసెసర్, మెమరీ, డిస్కు విడివిడిగా తెప్పించి, వాటితో వచ్చిన కాగితాలన్నీ చదివి, చదివినంత మేరా దిద్దాను. ఫ్యాను కాగితంలో బొమ్మ తలకిందులుగా అచ్చేశారు. అయినా స్విచ్చి వేస్తే పెట్టె వెలిగింది.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. హోమ్ అని ఒకటి, ప్రో అని ఒకటి ఉన్నాయి. లైసెన్సులు మళ్లీ రెండు రకాలట. చవకది ఆ బోర్డుకే అంటుకుని, బోర్డు పోతే దానితోనే పోతుంది. ఖరీదైనది ఇంకో పెట్టెకి మార్చుకోవచ్చు.

నేను రాయబోయేది పుస్తకం. ఉద్యోగమంతా ప్రచురణ సంస్థలో కూర్చుని పరాయి పుస్తకాల తప్పులు దిద్దాను. ఎవరు ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చి రాశారో, నా ముందుమాటని ఏ మహానుభావుడు తన పేరుతో అచ్చేసుకున్నాడో నాకు తెలుసు. ఒక్కొక్కరికీ ఒక అధ్యాయం. నీకూ ఒకటుంది. నేను పోయేదాకా ఎవరి కంటా పడకూడదు. ప్రోలో డిస్కుకి తాళం వేసుకోవచ్చని చదివాను. ఏది కొనాలో రాయి.

మీ బావ


ప్రియమైన బావగారికి,

నమస్కారాలు. ఫోన్ చేస్తే పెట్టేస్తారని ఉత్తరమే రాస్తున్నాను. రాసే అలవాటు తప్పి అక్షరాలు వంకరపోతున్నాయి, దిద్దుకుని చదవండి.

హోమ్ కొనండి. ప్రో అనేది ఒకచోట కూర్చుని పది కంప్యూటర్లని అదుపులో పెట్టే ఆఫీసులకి. ఇప్పుడు మీ ఇంట్లో అదుపులో పెట్టడానికి రెండోది లేదుగా. తాళం మంచిదే. కాకపోతే దాన్ని విడిపించడానికి ఒక పొడుగాటి సంఖ్య ఇస్తారు. రేపు బోర్డు మార్చాల్సొస్తే అది అడుగుతుంది. ఆ సంఖ్య మీ ఒక్కరి దగ్గరే ఉండి, మీరు లేకపోతే పుస్తకమూ లేనట్టే. నమ్మిన మనిషి చేతిలో కూడా పెట్టాలి. మీకు అలాంటివాళ్లు ఎవరున్నారో మీకే తెలియాలి.

లైసెన్సు మాత్రం మార్చుకోగలిగేదే తీసుకోండి. బోర్డు ఎప్పుడు పోతుందో చెప్పలేం. కొనేలోపు సిస్టమ్ ఎక్కించి వాడుకోండి. కొనమని తెర మూలన ఒక మసక వాక్యం వేలాడుతుంటుంది, అంతే.

నా అధ్యాయంలో దుకాణం అడ్రసు సరిగ్గా వేయించండి, నాలుగు బేరాలొస్తాయి.

మీ బావమరిది


బావమరిదికి,

ఈసారి 'ప్రియమైన' తీసేశాను. కిందటి ఉత్తరంలో పడింది అచ్చుతప్పు.

ప్రోనే కొంటాను, బోర్డుకి అంటుకునేదే. బోర్డు కంటే ముందు నేనే పోతాను. నా తర్వాత మార్చుకునేవాళ్లెవరూ లేరు. సంఖ్య నా జేబులో ఉంటుంది.

అసలు లైసెన్సుల గురించి చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది? మీ అక్క కంప్యూటర్లో దొంగ కాపీ ఎక్కించింది నువ్వు. ఒకరోజు తెర నల్లబడింది. నీ దుకాణానికి పంపితే పెట్టె ఖాళీగా తిరిగొచ్చింది. వంటగది బల్ల దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి ఆమె రాసుకున్నదంతా పోయింది. ఆమె నిన్ను పల్లెత్తు మాట అనలేదు. మళ్లీ ఒక్క వాక్యం రాయనూ లేదు. అదే నీ అధ్యాయం. ఆ తాళం నా పుస్తకం నీలాంటి వాళ్ల చేతుల్లో పడకుండా ఉండటానికే.

మీ బావ


ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరం దుకాణంలో నిలబడే చదివాను. దొంగ కాపీ మాట నిజం. అప్పట్లో అందరికీ అదే ఎక్కించేవాణ్ణి. తెర నల్లబడింది అందుకే. కానీ లోపల ఏదీ పోలేదు. ఒక పూట పని. బాగుచేసి పక్కన పెట్టాను.

తీసుకెళ్లడానికి అక్కే వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుని, "ఒరేయ్, నేను రాసుకున్నదంతా చెరిపెయ్" అంది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాను.

"మీ బావ కంటపడితే దిద్దుతారురా."

ఒకసారి ఒక పేజీ మీకు చూపించిందట. ఎర్ర సిరాతో దిద్ది, "ఇప్పుడు చదవొచ్చు" అని చేతికిచ్చారట. నవ్వుతూనే చెప్పింది. "నీ వల్ల పోయిందని చెప్తాను. నాలుగు తిడతారు, పడు" అంది. పడ్డాను. నాలుగుతో ఆగుతాయనుకున్నాను.

చెరిపాను. కానీ కాపీ తీసుకోకుండా డిస్కు చెరిపే అలవాటు నాకు లేదు. ఆ సంగతి చెప్తే చీవాట్లు పెట్టింది. చివరికి, "సరే, ఉంచు. ఆయన ఎప్పుడైనా ఎవర్నైనా ఒక మాట అడిగి, వాళ్లు చెప్పినట్టు చేస్తే అప్పుడివ్వు" అంది. ఆ రోజు రాదులే అని ఇద్దరం నవ్వుకున్నాం.

అడగడం వరకూ అయింది. చేయడం కాలేదు. అయినా మాట తప్పి పంపిస్తున్నాను, నేనూ దుకాణం మూసే వయసుకొచ్చాను. దీంతో పాటు వచ్చిన పెన్ డ్రైవ్‌లో ఉన్నది అదే. నేను తెరిచి చదవలేదు.

మీ బావమరిది


ప్రియమైన బావమరిదికి,

ఇది అచ్చుతప్పు కాదు.

హోమ్ కొన్నాను, ఇంకో పెట్టెకి మార్చుకోగలిగేది. తెర మూలన వాక్యం పోయింది. డిస్కుకి తాళం లేదు. బోర్డు పోయిన రోజున లైసెన్సు మార్చడం నాకు చేతకాదు, నువ్వే రావాలి.

నీ అధ్యాయం తీసేశాను. మిగతావాళ్లవి ఉన్నాయి. ముందుమాట దొంగని వదిలేది లేదు.

మీ అక్క రాసింది చదివాను. తను పొయ్యి ముందు నిలబడి ఉంటే నేను గుమ్మానికి ఆనుకుని పాడేవాణ్ణని ఒకచోట రాసింది. నేను జన్మలో పాడలేదు. ఆ ఇంట్లో ఉన్నది మేమిద్దరమే, నాకు తెలియదా?

దిద్దలేదు.

మీ బావ