నీ కోసం నిలబడ్డ నిమిషం

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. హిందూపురంలో నీ పేరు మీద ఫుట్‌బాల్ కప్పు పెట్టారు. పెట్టింది ధర్మవరం పట్టుచీరల షావుకారే. పందెం కాసి, కిరాయికి గోల్‌కీపర్‌గా ఆడే నిన్ను తొలి గోలు వదిలెయ్యమన్నదీ, నువ్వు వదలనందుకు పెనుకొండ దారిలో కొట్టి చంపించిందీ ఆయనే.

ఆటకు ముందు నీ కోసం అందరూ లేచి నిమిషం మౌనం పాటించారు. ఆ నిమిషంలో ముందు ఎవరు దగ్గుతారని మైదానం చుట్టూ పందేలు కాశారు. దగ్గింది మన నాయన. పందెం గెలిచింది షావుకారు.

తిరిగొచ్చేటప్పుడు, నాయన తన జేబులోంచి, షావుకారు ముందే ఇచ్చిన ఐదు రూపాయల నోటు తీసి చూపించాడు.

"ఎట్లైనా వచ్చే దగ్గే కదరా, ఊరికే యాల పోగొట్టుకోవల్ల?"